మూడువేళ్ల చప్పట్లు

పట్నం పోవడానికి ముగ్గురం మూడు కారణాలు చెప్పాం. నేను మా ఇంటామెతో, గిన్నెలు కొనడానికి బేగంబజారు పోతున్నానన్నాను. సామ్యేల్ తన భార్య సుగుణమణితో, కళ్లద్దాలు మార్పించుకోవాలన్నాడు. ఎల్లేశం తరఫున కారణం చెప్పింది కూడా నేనే. వాని భార్య సారక్కతో, "మూటలు మొయ్యనీకి మనిషి గావాలె చెల్లె, పంపియ్యి" అన్నాను. మూడూ నిజాలే. కాని మూడింటినీ కలిపి తక్కెడలో ఒక పక్క వేసినా, రెండో పక్కనున్న అసలు కారణానికి తూగవు. అసలు కారణం ఎల్లేశమే.

గోదావరిఖనిలో నాది గిన్నెల దుకాణం. అరవై రెండులో, గనులు మొదలైన కొత్తలో, జమ్మికుంట నుంచి రెండు గంపల సిల్వర్ గిన్నెలతో, అంటే అల్యూమినియం గిన్నెలతో, వచ్చి క్వార్టర్ల వెనక సందులో కూర్చున్నాను. బొగ్గు తవ్వే మనిషి అన్నం కట్టుకొని పోవాలి, అన్నానికి టిఫిన్ గిన్నె కావాలి. ఆ ఒక్క లెక్క మీద పదకొండేళ్లుగా నిలబడ్డ దుకాణం.

గిన్నె కొనేటప్పుడు నేను మెరుపు చూడను. వేలి కణుపుతో కొట్టి వింటాను. మోగితే గట్టిది, గుడ్డిగా పలికితే ఎక్కడో నెర్రె ఉంది. ఎల్లేశం పనీ అదే. కాకపోతే వాడు కొట్టి వినేది గని పైకప్పును. బొగ్గు పేల్చిన తరువాత, మనుషులు ముందుకు పోకముందే, గడ్డపారతో కప్పును కొట్టి చూడాలి. టంగుమంటే నిలుస్తుంది. డొల్లగా పలికితే ఊడుతుంది. పదేళ్లుగా వాడు "పోండ్రి" అంటే పోయారు, "ఆగుండ్రి" అంటే ఆగారు. ఎల్లేశం చెవికి తిరుగులేదని ఆ షిఫ్టులో అందరి నమ్మకం.

ఆ ఏడు వానలు వెనకబట్టాక ఒకనాడు, వాడు కొట్టి విని, "పో కొమురెల్లీ" అన్నాడు. కొమురెల్లి వాని ఊరివాడే, కమాన్‌పూర్ పక్క, ఇద్దరూ ఒకేనాడు పనిలో చేరారు. కొమురెల్లి నాలుగడుగులు వేశాడో లేదో, కప్పు ఊడి మీద పడింది.

పెద్దసార్లు వచ్చి చూశారు. రాయి లోపల కనపడని నెర్రె ఉందనీ, ఎవరి తప్పూ లేదనీ రాసుకుపోయారు. ఎల్లేశం మాత్రం తప్పు తన చెవిదే అన్నాడు.

ఆ మరునాటి నుంచి వాడు గనికి పోలేదు. ఏ కప్పు కిందా ఉండలేకపోయాడు. తిండి వాకిట్లో, పడక వాకిట్లో. నెల కావస్తుండగా కాగితం వచ్చింది: వచ్చే సోమవారం మొదటి షిఫ్టుకు రాకపోతే పేరు కొట్టేస్తారు. పేరు పోతే క్వార్టరు పోతుంది. క్వార్టరు పోతే, సారక్క ముగ్గురు పిల్లలను తీసుకొని, అన్నదమ్ములు పంచుకోగా మిగిలిన అరెకరం మెట్ట చెల్కకు పోవాలి.

సారక్క దుకాణానికొచ్చి, కొనేదానిలా ఒక తపేలా చేతిలో పట్టుకొని, "అన్నా, నువ్వు జెప్తె ఇంటడే" అంది. చెప్పి చూశాను. వినలేదు. తన చెవినే నమ్మనివాడు నా నోటినేం నమ్ముతాడు?

ఉపాయం సామ్యేల్‌ది. సామ్యేల్ గని దగ్గర ల్యాంపు రూములో దీపాలిచ్చే మనిషి, మా ఇద్దరికన్నా పెద్దవాడు, ఆదివారం చర్చిలో ప్రార్థన చెప్తాడు. కుడిచేతికి మూడే వేళ్లు. మిగతా రెండూ ఏనాడో బొగ్గు టబ్బుల గొలుసులో పడి పోయాయి.

"ఈడున్నంత కాలం వానికి గని కూత ఇనవడుతనే ఉంటది సేటూ" అన్నాడు. "దినాం మూడు షిఫ్టులకు మూడుసార్లు. ఆ కూత ఇనవడని జాగకు తీస్కపోదాం. రెండు దినాలు ముగ్గురం కలిసి తిరుగుదాం. బాగైతడో లేదో దేవునికెరుక, జరంత ఊపిరన్న పీలుస్తడు."

అది నా లెక్కకు అందని సంగతి. అందుకే ఒప్పుకున్నాను.

శుక్రవారం రామగుండంలో ప్యాసింజరెక్కి సాయంత్రానికి సికింద్రాబాద్‌లో దిగాం. స్టేషన్ బయట రెండంతస్తుల బస్సు. అంతకుముందు వినడమే గాని మేమెవరం ఎక్కలేదు. ఎల్లేశం ఒక కాలు లోపల పెట్టి ఆగాడు.

"మీద మనుషులున్నరా?" అని కండక్టర్ను అడిగాడు.

"ఉన్నరు."

"ఎంతమంది?"

"ముప్పై మంది. ఏం, పేర్లు గూడ చదువాల్నా?"

జనం నవ్వారు. ఎల్లేశం ఆ ముప్పై మంది కింద కూర్చోలేక, మెట్లెక్కి పై అంతస్తుకు పోయాడు. అక్కడ కూడా కూర్చునే ముందు నెత్తిమీది రేకును వేలితో కొట్టబోయి, చెయ్యి కాలినట్టు వెనక్కి తీసుకున్నాడు. సామ్యేల్ నా మొహం చూశాడు. ఆ రాత్రి నాంపల్లి లాడ్జిలో మేమిద్దరం గదిలో పడుకుంటే, వాడు డాబా మీద పడుకున్నాడు.

శనివారం పొద్దున బేగంబజారులో గిన్నెలు ఏరుతూ, "ఒరే, ఇవి నువ్వు కొట్టి చూడు" అన్నాను.

"నా చెవిని నమ్మకు లింగన్న. ఇంకొకన్ని సంపుత."

"గిన్నె పలిగితె ఎవ్వడు సస్తడురా? పులుసు గారుతది, గంతే."

వాడు నవ్వలేదు. ఇరవై గిన్నెలూ నేనే కొట్టి ఏరుకొని, మూట లాడ్జిలో పడేయించాను.

ఇంకా సగం రోజు మిగిలింది. లాడ్జివాడు, ఇంతదూరం వచ్చి గోలకొండ చూడకుండా పోతారా అన్నాడు. బస్సెక్కాం.

కోట లోపలి దర్వాజ ముందు టికెట్లు చూసే ముసలాయన కూర్చున్నాడు. అతని వెనక కమాను, దాని కింద మసక చీకటి. ఎల్లేశం ఆ చీకటిని చూస్తూ నిలబడి, మొలలో నుంచి బీడీల కట్టా అగ్గిపెట్టే తీసి ముసలాయన చేతిలో పెట్టాడు.

గనిలో దిగే ప్రతి మనిషీ చేసే పని అది. లోపల గ్యాసు ఉంటుంది గనక, బీడీలూ అగ్గిపెట్టే గని మొకం దగ్గర అప్పజెప్పి దిగాలి.

ముసలాయన వాటిని తిప్పి చూసి, "క్యా మియా, కోటకు బీడీల టికెట్ ఎప్పటి సంది పెట్టిన్రు?" అని, కాదనకుండా ఒకటి ముట్టించుకున్నాడు.

ఎల్లేశం సిగ్గుపడ్డాడు. సామ్యేల్ పకపక నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మనిషి నెల రోజులుగా గని మొహం చూడలేదు. వాని చెయ్యి మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది.

కమాను కింద బడిపిల్లలు గుంపుగా నిలబడి చప్పట్లు కొడుతున్నారు. ఇక్కడ కొడితే కొండ కొసన ఉన్న మహల్లో వినబడుతుందని ముసలాయన చెప్పాడు. కొసకు చూశాను. అక్కడి మనుషులు జొన్నగింజలంత ఉన్నారు. అమ్మేవాని మాటలా ఉందనుకున్నాను.

"నా మోకాళ్లు గంతెత్తు ఎక్కయి" అన్నాడు సామ్యేల్. "నేనీడ్నే ఉండి చప్పట్లు గొడుత. మీరు పోయి ఇనుండ్రి."

ఎల్లేశం ఆ కమాను కింద నుంచి పరుగున దాటాడు, వాన తప్పించుకునేవానిలా. మెట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను గాని రెండు వందల తరువాత ఊపిరి చాలక మానుకున్నాను. కొస మీద గాలి పంచెను లాగేస్తోంది. కింద పట్నమంతా పరిచిన గిన్నెల దుకాణంలా ఎండకు మెరుస్తోంది.

అప్పుడు నా చెవి పక్కన ఎవరో చప్పట్లు కొట్టారు. తిరిగి చూశాను. ఎవరూ లేరు.

నేను వ్యాపారిని. ఏది చేతులు మారినా తరుగు పోతుందని నాకు తెలుసు. బియ్యంలో నూకలు పోతాయి, బెల్లం కరుగుతుంది, నూనె పీపాకు అంటుకుంటుంది, మాట కూడా నాలుగు నోళ్లు మారితే సగమవుతుంది. అంత కింద నుంచి, అంత దూరం వచ్చిన ఆ చప్పుడులో తరుగు లేదు. కొట్టింది కొట్టినట్టు వచ్చింది. ఏనాటివాళ్లో, పేర్లు కూడా మిగలనివాళ్లు, రాయి మీద రాయి పేర్చి, ఒక మనిషి చేతి చప్పుడు ఇంకొక మనిషి చెవికి చెక్కుచెదరకుండా చేరే దారి కట్టిపోయారు. చేతులు జోడించాలనిపించింది. ఎవరికి జోడించాలో తెలియక ఊరుకున్నాను.

బడిపిల్లల చప్పట్లు వడగండ్లలా వస్తున్నాయి. ఎల్లేశం బండ మీద కూర్చున్నాడు. కళ్లు మూసుకొని, తల ఒక పక్కకు వాల్చాడు.

"అగో, మన సామ్యేల్ అన్న" అన్నాడు.

"ఏదిరా?"

"రెండు గొట్టిండు. వేళ్లు లేని దిక్కు గాలి వోతది లింగన్న, గా చప్పట్ల సగమే పలుకుతది. ఉండు, మాట్లాడకు."

నాకు వినబడ్డది ఒక చప్పట్ల కుప్ప, అంతే. కాసేపయ్యాక పిల్లలు ఆగిపోయారు. ఒకటి వచ్చింది.

"ఇదీ అన్నదే. గీసారి చేతిల ఏందో ఉన్నది. గలగలమన్నది."

మనసులో పెట్టుకున్నాను: రెండు, తరువాత ఒకటి, ఆ ఒకటిలో చేతిలో ఏదో. దిగుతుంటే మెట్టు మెట్టుకూ భయం పెరిగింది. లెక్క తప్పితే ఈ మనిషి మళ్లీ లేవడు. సామ్యేల్‌కు సైగ చేసి ఔననిపిస్తే? సైగలు నాకు కొత్త కాదు. కాని సామ్యేల్ అబద్ధమాడడు, ఎల్లేశానికి అబద్ధం సరిపోదు. ఉన్నదున్నట్టు అడగడమే మిగిలింది.

"అన్నా, ఎన్ని గొట్టినవ్?"

"మూడు" అన్నాడు సామ్యేల్. "పోరగాండ్లతోని కలిసి రెండు. తర్వాత గీ తాత అగ్గిపెట్టె వాపసిచ్చిండు. బీడీలు మాత్రం ఇయ్యలే, చూడు! అది చేతిల ఉన్నది యాదిమరిచి ఇంకోటి గొట్టిన."

మూడువేళ్ల చెయ్యి తెరిచాడు. అరచేతిలో సొట్టపడ్డ అగ్గిపెట్టె.

ఎల్లేశం దాన్ని తీసుకొని చెవి దగ్గర ఆడించాడు. పుల్లలు గలగలమన్నాయి.

"గట్లయితే" అన్నాడు, "ఆ దినం నేనిన్నది..."

"నిజమే ఇన్నవ్" అన్నాడు సామ్యేల్.

"టంగుమన్నదన్నా. ఇయ్యాల్టికీ నా చెవుల ఉన్నది. టంగనే అన్నది."

"అన్నది. రాయి లోపల ఏమున్నదో రాయిని చేసినోనికెరుక తమ్మీ. నీకు ఇనిపిచ్చినంత నువ్విన్నవ్. కొమురెల్లి నీ చేతుల పోలే."

వాడు గోడకు చెయ్యి ఆనించి ఏడ్చాడు. బడిపిల్లలు చూస్తున్నా పట్టించుకోలేదు. నేను పైకి చూశాను. మేము నిలబడింది ఆ కమాను కిందే, ఎన్ని వేల మణుగుల రాయో తెలియని కప్పు కింద. వాడు దాన్ని గమనించలేదు. నేను చెప్పలేదు.

సోమవారం పొద్దున, నాకు పనిలేని చోటికి, గని మొకం దగ్గరికి పోయి నిలబడ్డాను. ఎల్లేశం వచ్చాడు. కొత్త బీడీల కట్ట, ఆ సొట్ట అగ్గిపెట్టె అప్పజెప్పాడు. సామ్యేల్ మూడువేళ్లతో దీపం అందించాడు. దీపం ఏటవాలు దారిలో దిగుతూ దిగుతూ మిణుగురంతై ఆరిపోయినట్టయింది.

అప్పుడు నాకు తట్టింది. పోబోతున్న పేరు నిలబెట్టానని నేను మురుస్తున్నాను, కాని వాణ్ని ఆ కప్పు కిందికి పంపింది కూడా నేనే. ఆ రోజు గిరాకీలు ఏమడిగారో, నేనేమిచ్చానో నాకు గుర్తులేదు.

కూత కూసిన గంటకు వాడు దుకాణానికి వచ్చాడు. ఒళ్లంతా బొగ్గు, కళ్లు మాత్రం తెల్లగా. పట్నం గిన్నెల దగ్గర కూర్చొని, అడగకుండానే ఒక్కొక్కటి కొట్టి వినసాగాడు. పద్నాలుగోదాన్ని పక్కకు పెట్టాడు.

"గిది అమ్మకు."

నేను కొట్టాను. ఖంగుమని మోగింది. "బాగనే మోగుతున్నది గదరా?"

"మోగుతది. దాని ఎనుక సన్నంగ ఇంకోటి ఉన్నది. ఇంతకుముందు నేను గూడ అందాక ఆగకపోతుంటి." గిన్నెను ఇంకోసారి కొట్టాడు. "ఇప్పుడు రెండుసార్లు గొడుతున్న లింగన్న. ఒకటి నాకు, ఒకటి కొమురెల్లికి."

లేచి సారక్క కోసం ఒక చెంబు ఏరుకొని ఇంటికి పోయాడు.

ఆ గిన్నె నా గల్లాపెట్టె పక్కనే ఉంది. ఎవరడిగినా అమ్మలేదు. గిరాకీ లేనప్పుడు కొట్టి, మోత పూర్తిగా ఆగేదాకా చెవి పెడతాను. వాడు విన్న ఆ రెండో చప్పుడు నాకింకా దొరకలేదు.