జాడీలో బుడగ

నల్లటి ఊటలో తెడ్డు తిప్పుతున్నాను.

అడుగు నుంచి ఒక బుడగ లేస్తుంది. పైకొచ్చి, ఒక్క క్షణం ఆగి... టప్పున పగులుతుంది.

కంపు.

ముక్కుకు గుడ్డ కట్టుకున్నా ఆగని కంపు.

ఈ ఊట మా అత్తయ్యది. ఆమెకు వాళ్ల అత్త ఇచ్చింది. వెదురు మొలకలు, పుట్టగొడుగులు, నల్ల సోయా గింజలు... ఏళ్ల తరబడి పులుస్తూనే ఉన్నాయి. ఇందులో ఊరిన తోఫు, అదే సోయా జున్ను, ముక్కలు నూనెలో వేగుతుంటే, ఛాంగ్‌షా నగరంలో మా వీధి ముక్కు మూసుకుని మరీ వరసలో నిలబడేది.

రోజూ కలపాలి. మానేస్తే ఊట చచ్చిపోతుంది.

కలిపే మనిషి మంచంలో ఉంది.

వానకు తడిసిన సందులో అత్తయ్య జారిపడింది. మోకాలి కింద ఎముక విరిగింది. ప్లేటు వేశారు. విరిగిన ఎముకకు వంద రోజులని మా వైపు సామెత. వంద రోజులు గడిచాయి. నది పొంగింది, తీసింది. ఎముక అతకలేదు. ఒంట్లో షుగరు అతకనివ్వడం లేదన్నారు.

పక్కింటి ఫెంగ్ అవ్వ రోజూ పంది కాళ్ల చారు తెచ్చేది.

"కాలికి కాలే మందు. తాగవే!"

"నీ పంది నాలుగు కాళ్లుండీ పారిపోలేకపోయింది. అది నన్ను నడిపిస్తుందా?" అనేది అత్తయ్య. అని, గిన్నె అడుగు దాకా తాగేది.

ఒకరోజు మా ఆయన హైపింగ్ మెల్లగా అన్నాడు. "అంగడి ఇక చాలమ్మా. ఆ జాడీ పారబోద్దాం."

ఎవరికైనా ఎదురు చెప్పే అత్తయ్య, ఆ రోజు గోడవైపు తిరిగింది.

అప్పటిదాకా హైపింగ్ తిప్పిన తెడ్డు మర్నాడు నేను పట్టుకున్నాను. ఎవరూ చెప్పలేదు.

డాక్టర్ ఓయాంగ్ చిన్న వయసు మనిషి. అత్తయ్య మంచం అంచున కూర్చుని చెప్పింది.

"ప్లేటు మారుస్తాం. కొత్తదాని మీద సన్నటి పూత ఉంటుంది. అది లోపల కొంచెం కొంచెంగా ఒక గ్యాసు వదులుతుంది. షుగరుతో రేగిన వాపు తగ్గి, ఎముక పెరగాలని మా ఆశ. ఇంకా పరీక్షల్లోనే ఉంది, పెద్దమ్మా. ఇదీ పనిచేయకపోతే... కాలు దక్కడం కష్టం."

"ఏం గ్యాసు?"

డాక్టరమ్మ మొహమాటపడింది. "కుళ్లిన గుడ్డు కంపు కొట్టేదే. చాలా కొద్దిగా. బయటికి తెలియదు లెండి."

అత్తయ్య నవ్వింది. మంచం ఊగేలా నవ్వింది.

"నలభై ఏళ్లుగా నేనమ్మేది ఆ కంపే కదమ్మా! ఇప్పుడు నా ఎముకలో అంగడి పెడతారా? పెట్టండి. అద్దె కూడా అడగను!"

పెట్టారు.

పొద్దున్నే తెడ్డు తిప్పుతాను. ఇక్కడ, చీకటి ఊటలో, ఒక బుడగ. అక్కడ, కండ కింద, ఎముక చీకటిలో... ఇంకొకటి. కంటికి కనిపించనంత చిన్నది.

లే. పైకి లే.

అత్తయ్య మోకాలు వాసన చూసుకునేది. "ఏమీ రావడం లేదే! మోసం చేశారు!"

ఎక్స్‌రేలో మొదట పొగలాంటి ఒక గీత. తర్వాత మబ్బు. మబ్బు గట్టిపడింది. ఓయాంగ్ ఫిల్మును కిటికీకి ఎత్తిపట్టింది.

"అతికింది."

"నా చారు వల్లే!" అంది ఫెంగ్ అవ్వ.

"అవునులే. కంపు నాది, గొప్ప నీది!" అంది అత్తయ్య. ఇద్దరూ ఒకరి చేయి ఒకరు వదల్లేదు.

ఈ ఉదయం తెడ్డు తిప్పుతున్నాను. ముక్కుకు గుడ్డ లేదు. ఎప్పుడు మానేశానో గుర్తులేదు.

వెనక అడుగుల చప్పుడు. ఒకటి బరువుగా, ఒకటి తేలికగా. మధ్యలో రోజూ వినిపించే ఊతకర్ర చప్పుడు లేదు.

అత్తయ్య జాడీ మీదికి వంగింది. గుండె నిండా పీల్చింది. గోడకు వేలాడుతున్న తోఫు వేయించే పొడవాటి పుల్లలు తీసుకుంది. గుమ్మంలో హైపింగ్ పక్కకు జరిగాడు.

బయట అదే సందు. రాత్రి వానకు తడిసిన అవే రాళ్లు.

అత్తయ్య గడప దాటింది.

నా తెడ్డు ఆగిపోయింది. అడుగు నుంచి ఒక బుడగ లేచింది. పైకొచ్చి, ఒక్క క్షణం ఆగి...