కొర్పి మలుపు దగ్గర జెండా

ఒస్కరి నోట్లో నాలుక లేనివాడని అమెరికాలో పెద్ద సరస్సు ఒడ్డునున్న దులూత్ రేవులో అందరూ అంటారు. అది పూర్తిగా నిజం కాదు. టికెట్ లేనివాణ్ణి దింపేటప్పుడు ఆ నాలుక బాగానే తిరుగుతుంది. సైమా ఎదురుపడ్డప్పుడే అది అంగిట్లో అతుక్కుపోతుంది.

అతని తండ్రి ఫిన్లాండ్ నుంచి వచ్చి ఇదే రేవులో ఇనుప ఖనిజం దించాడు. తడి ఖనిజం చలికి రైలు పెట్టెల్లో గడ్డ కట్టుకుపోతే, పొడుగాటి గెడలతో పొడిచి కిందికి జార్చేవాళ్ళు. ఆ రోజుల్లో కలప కోసమొకరు, గోధుమల కోసమొకరు, ఖనిజం కోసమొకరు పోటీలు పడి రేవుకి రైలు పట్టాలు వేశారు. అడవులు బోడిగుండ్లయ్యాక కలప పట్టాలు పీకేశారు. ఖనిజం బండ్లు మాత్రం ఇప్పటికీ సరస్సు గడ్డ కట్టేదాకా ఊపిరి సలపకుండా తిరుగుతాయి. మనుషుల్ని మోసేది ఒక్కటే మిగిలింది. అది పొద్దున గనుల ఊరికి వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చే ఒంటిపెట్టె డీజిల్ బండి. దానికి కండక్టర్ ఒస్కరి, డ్రైవర్ హల్వర్ అనే నార్వేవాడు. రోడ్డు పడి బస్సులొచ్చాక అదీ ఈగలు తోలుకుంటోంది. ఈ శుక్రవారంతో ఆపేస్తామని కంపెనీ చెప్పింది.

దారిలో కొర్పి అనే మలుపుంది. అక్కడ స్టేషన్ లేదు. ఒక రేకుల పాక, పక్కనే ఒక కర్ర. ఎక్కేవాళ్ళుంటే ఆ కర్రకి జెండా కట్టాలి, అప్పుడే బండి ఆగుతుంది. మలుపు పక్కన సైమా ఇల్లు, పాడి. మొగుడు అడవి పనిలో చెట్టు కూలి మీద పడి పోయాక ఒంటిచేత్తో నెట్టుకొస్తోంది. మలుపులో బండి నత్తనడకకి దిగుతుంది గనక ఆమె కంచె దగ్గర నిలబడి యాలకుల రొట్టె అందిస్తుంది. ఒస్కరి మెట్టు మీంచి వంగి అది అందుకుని, ఫిన్నిష్ పేపరు చేతికిస్తాడు. ఆ కాస్త వ్యవధిలో ఒక్క మాటకే చోటు.

“ఆవు ఈనింది,” అంటుందామె పొద్దున.

“పెయ్యా, కోడెదూడా?” అంటాడతను సాయంత్రం.

జవాబు మర్నాడు పొద్దున వస్తుంది. ఇలాగే ఏళ్ళు గడిచాయి. ఈ రొట్టె కోసమే ఒస్కరి పదోన్నతి కూడా వద్దనుకున్నాడు. పెళ్ళి మాట ఎత్తాలని ఎన్నిసార్లనుకున్నా, ఒక్కనాడైనా ఆమె జెండా కట్టలేదు కదా, తనతో పనేముంటుంది అనుకుని మానుకునేవాడు. ఇప్పుడిక రేపు అనడానికి రేపు లేదు.

“ఇవాళైనా అడుగుతావా, రొట్టె తిని మూతి తుడుచుకుంటావా?” అన్నాడు హల్వర్ శుక్రవారం పొద్దున.

“జెండా లేదుగా.”

“అడగందే అమ్మైనా పెట్టదురా. నేను బ్రేకేస్తా. ఇంజన్ కి నలతగా ఉందని చెప్దాం.”

“అబద్ధమాడి బండి ఆపితే మా నాన్న సమాధిలోంచి లేచొస్తాడు.”

“రానీ. పెళ్ళికి పెద్దదిక్కుగా ఉంటాడు.”

మలుపొచ్చింది. రాత్రంతా అనుకున్న మాట గొంతు దాకా వచ్చింది. తీరా నోరు తెరిస్తే, “సాయంత్రంతో బండి ఆఖరు,” అన్నాడు ఒస్కరి.

“తెలుసు,” అంది సైమా.

“ఇన్నాళ్ళూ దాచుకున్నది ఇదా? ఆ సంగతి కంపెనీ గోడకి అంటించిందిగదరా,” అని హల్వర్ తల పట్టుకున్నాడు.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో ఒస్కరికి మనసు మనసులో లేదు. కొర్పి దగ్గరపడుతుంటే హల్వర్ ఉన్నట్టుండి బ్రేకు వేశాడు. కర్రకి జెండా ఉంది. సైమా పాడి అమ్మేసి రేవులో ఉండే తన అక్క దగ్గరికి వెళ్ళిపోతోందనుకున్నాడు ఒస్కరి. దిగి, ఎక్కడానికి స్టూలు వేసి, టికెట్ పంచ్ తీశాడు. సైమా చేతిలో పెట్టె లేదు, సంచీ లేదు.

“ఎక్కడికి?”

“ఎక్కడికీ లేదు.”

“మరి జెండా కట్టావు?”

“ఎక్కే పని లేకుండా కట్టకూడదని ఇన్నేళ్ళూ ఊరుకున్నాను. నువ్వేమో ఒక్కనాడూ దిగలేదు.”

“జెండా లేనిదే దిగకూడదుగా.”

“మీ ఇద్దరి రూల్సూ తగలెయ్య,” అన్నాడు హల్వర్ కిటికీలోంచి.

“ఇవాళ కట్టాను. దిగుతావా?” అంది సైమా.

ఒస్కరి వెనక్కి తిరిగి బండి కేసి చూశాడు. ఉన్న నలుగురు ప్రయాణికులూ మెడలు సాచి చూస్తున్నారు. దిగాలని ప్రాణం కొట్టుకుంటోంది. “రేవులో బండి ఒప్పజెప్పాలి సైమా. మధ్యలో వదిలెయ్యలేను,” అన్నాడు. అంటుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

సైమా కోపగించుకోలేదు. “అలాగే అంటావని పాలు పితకమని పక్కింటావిడకి చెప్పే వచ్చాను. పద, పక్కనుండి ఒప్పజెప్పిస్తా,” అని స్టూలు మీద కాలు పెట్టి ఎక్కేసింది.

డ్యూటీలో ఏనాడూ కూర్చుని ఎరగని ఒస్కరి ఆమె పక్కన కూర్చున్నాడు. ఎంతో సేపటికి, సరస్సు కనబడుతుండగా, “మనం పెళ్ళి చేసుకుందామా?” అన్నాడు.

“చేసుకుందాం. ముందు ఇంటికెలా వెళ్తామో చెప్పు. ఇక బండి లేదుగా.”

ఒస్కరి ఆ సంగతే ఆలోచించలేదు. కాసేపు కిటికీలోంచి పట్టాల కేసి చూశాడు.

“బస్సులో,” అన్నాడు. హల్వర్ వినకుండా కాస్త గొంతు తగ్గించి.