మంచు మీద తొడుగు పరీక్ష

మూడో అంతస్తులో కూర్చున్న కంపెనీ పెద్దలారా, మీ అందరినీ అడుగుతున్నాను. హెల్కా వూరినెన్ చేసిన ఫోన్‌ను బీరువాలో పెట్టి తాళం వేసింది ఎవరు? ఒక్కరి పేరు చెప్పండి. "కమిటీ" అనకండి. కమిటీకి చేతులుండవు. తాళం తిప్పడానికి చెయ్యి కావాలి. ఆ చెయ్యి మీలో ఒకరిది. మిగతావాళ్ళు పక్కన నిలబడి కాఫీ తాగారు.

నేను రేయోను. కార్నా కంపెనీలో ఫోన్లు బిగించే లైనుకు కార్మిక ప్రతినిధిని. బడి మధ్యలో వదిలి కలప మిల్లులో చేరాను, మిల్లు మూతపడ్డాక ఇక్కడికొచ్చాను. మెత్తగా రాయడం నాకు చేతకాదు. ఈ శనివారం సరస్సు మీద జరిగింది మీలో సగం మంది చూడలేదు, చూసిన సగం మంది చూడనట్టు నటిస్తున్నారు. అందుకే రాస్తున్నాను.

ముందు ఒక మాట. మన మంచు పరీక్షను నేను వెక్కిరించడంలేదు. ఆ పరీక్ష పెట్టిన కంపెనీలో పనిచేస్తున్నందుకు గర్వపడేవాణ్ణి. చాలా ఏళ్ళ కిందట ఆర్వో సారెలా అనే ఆయన గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పడుతుంటే కాళ్ళ కింద మంచు విరిగి నీళ్ళలో పడిపోయాడు. జేబులో మన ఫోను ఉంది. దాంతో ఆపదలో పిలిచే నంబరు నూట పన్నెండుకు కొట్టాడు, మనుషులొచ్చి లాగారు, బతికాడు. చేతికి ఉన్ని తొడుగు ఉండగానే మన ఫోను మీది పెద్ద అంకెల కీలు నొక్కగలిగాడని కంపెనీ దేశమంతా చాటుకుంది. ఆ తర్వాతి ఫిబ్రవరి నుంచి ప్రతి కొత్త ఫోన్నూ సరస్సు మీదికి తీసుకెళ్ళడం, తొడుగు వేసుకున్న చేత్తో నూట పన్నెండు నొక్కడం. మోగితే ఫోన్ తయారవుతుంది. మోగకపోతే అది ఫోనే కాదు. మన ఫోన్లు ట్రాక్టర్ల కింద పడి కూడా మోగాయంటే అలాంటి మొండి నియమాల వల్లే.

ఇప్పుడు మన ఇల్పో, ఫోన్ల తయారీకి డైరెక్టరు, ఆ ఆర్వో కొడుకే. వాళ్ళ నాన్న బతికింది తొడుగు చేత్తో కీ నొక్కడం వల్లే అని నమ్మి పెరిగినవాడు. అతని మీద నాకు కోపం ఉంది. అతన్ని అర్థం చేసుకోలేనంత మూర్ఖుణ్ణి మాత్రం కాను.

ఇక హెల్కా సంగతి. కొత్త ఫోన్లకు రూపం దిద్దే మనిషి ఆవిడ. కెనడా వాళ్ళు గింజల్లాంటి కీలు పెట్టి ఆఫీసుల్ని పట్టుకుపోతున్నారు, తైవాన్ వాళ్ళు పుల్లతో గీకే ఫోన్లు తెస్తున్నారు, కొరియా వాళ్ళు నెలకో రకం దింపుతున్నారు. మనవాళ్ళు కీని ఇంకాస్త పైకి జరపాలా కిందికి జరపాలా అని కొట్టుకుంటున్న రోజుల్లో ఆవిడ, ఆవిడ జట్టు ఆరుగురు, కింది అంతస్తు మూల గదిలో కూర్చుని కీలన్నీ తీసేశారు. ఒక్క అద్దం. వేలితో తాకితే చాలు. ఫోనులోని పేర్ల వరసను వేలితో తోస్తే జారుకుంటూ పోయి మెల్లగా ఆగుతుంది. ఆ ఆగడం కోసం హెల్కా ఏం చేసిందో తెలుసా? సరస్సు మీద కాలితో తోసే బండి ఎక్కి, ఒక్క తోపు తోసి, అది ఎలా నెమ్మదించి నిలబడుతుందో రోజూ చూసేది. ఇంటికెళ్ళే దారిలోనే. "మంచు మీద బండి ఆగినట్టు ఆగాలి, గోడకు గుద్దుకున్నట్టు కాదు" అనేది. మొదటిసారి నా వేలికింద ఆ వరస జారి ఆగినప్పుడు నాకు మాట రాలేదు. మా ఊళ్ళో మాట రాకపోవడమే పెద్ద మెచ్చుకోలు.

పోయినేడాది ఫిబ్రవరిలో ఆ అద్దాన్ని సరస్సు మీదికి తెచ్చారు. ఉన్ని తొడుగు తగిలితే అద్దానికి తెలియదు, వేలి చర్మమే తగలాలి. ఇల్పో నొక్కాడు, నొక్కాడు, ఇంకా నొక్కాడు. "హెల్కా, ఇది కిటికీనా ఫోనా?" అన్నాడు. అందరూ నవ్వారు. అద్దం పరీక్ష తప్పింది. ఒక్క ఏడాది గడువిచ్చారు, మంచు మీద నెగ్గకపోతే జట్టు చెదిరిపోతుందని అప్పుడే చెప్పారు.

ఆ వేసవిలో సముద్రం అవతలి కంపెనీ ఫోను వచ్చింది. హెల్కా బల్ల మీద పెట్టింది. లైను మీద కీలు బిగించే పిర్కో కూడా వచ్చి భూతద్దం పెట్టుకుంది.

"కీలేవీ?"

"లేవు."

"అయితే నేనేం బిగించాలి? గాలా?"

"అద్దం బిగించాలి పిర్కో. నీ చెయ్యే కావాలి దానికి."

పిర్కో దాన్ని అటూ ఇటూ తిప్పింది. అంచు మీద గోరు పెట్టి లాగింది. చాలాసేపటికి, "చేసిందెవరోగానీ వాళ్ళమ్మ కడుపు చల్లగా. అతుకే కనబడ్డంలేదు" అంది.

హెల్కా పేర్ల వరసను తోసింది. అది జారింది. మెల్లగా ఆగింది. ఆమె ముఖం చూశాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. నవ్వింది.

"వాళ్ళకూ తెలిసిందిరా రేయో. మంచే లేని ఊళ్ళో కూర్చుని ఎలా కనిపెట్టారో!"

పోటీవాడి పనిని అలా మెచ్చుకోగలిగిన మనిషి మీ అంతస్తులో ఒక్కరున్నారా? మీరేం చేశారు? దానికి తొడుగు తగిలించి చూసి, పలకలేదని చప్పట్లు కొట్టి, కేకు కోసుకున్నారు. ప్రపంచమంతా మన సరస్సు మీదే బతుకుతోందనుకున్నారు. మద్రాసులో, సావోపాలోలో, కైరోలో ఉన్ని తొడుగులు వేసుకుని తిరిగేవాళ్ళెందరో ఎవరైనా ఆలోచించారా?

హెల్కా జట్టు ఆ చలికాలమంతా పనిచేసింది. అద్దం పక్కన ఒకే ఒక్క బొత్తాం పెట్టారు. మోచేత్తోనైనా సరే, దాన్ని గట్టిగా నొక్కి పట్టుకుంటే నూట పన్నెండు మోగుతుంది. ప్రమాదంలో పడ్డవాడికి అంతకన్నా తేలిక ఇంకేముంది?

ఇక ఈ శనివారం. ఎండ కాస్తోంది, చలి మాత్రం కొరికేస్తోంది. ఎప్పటిలాగే ఆర్వో పెద్దాయన మంచులో మొదటి కన్నం బర్మాతో తొలిచి, బోర్లించిన డబ్బా మీద కూర్చుని గాలం వేసుకున్నాడు. ప్రతి ఏడాదీ ఆయన పని అంతే. ఆయన్ని గౌరవంగా పిలుస్తాం, సాసేజ్ పెడతాం, ఒక్క మాటా అడగం. నీళ్ళలో పడి లేచొచ్చిన మనిషిని దాని గురించి గుచ్చిగుచ్చి అడగడం మా వైపు పద్ధతి కాదు.

ఇల్పో ఉన్ని తొడుగు వేసుకుని హెల్కా ఫోను అందుకున్నాడు. బొత్తాం నొక్కి పట్టుకున్నాడు. నూట పన్నెండు మోగింది. మా లైను వాళ్ళం గట్టిగా అరిచాం.

"ఆగండాగండి" అన్నాడు ఇల్పో. "నియమంలో ఏముంది? ఒకటి, ఒకటి, రెండు. మూడు అంకెలూ నొక్కాలి. ఇది ఒక్క బొత్తాం. ఇది లెక్కలోకి రాదు."

"మోగింది కదా ఇల్పో" అంది హెల్కా.

"మోగడం వేరు, నొక్కడం వేరు."

"మునిగిపోయేవాడికి ఆ తేడా చెప్తావా?"

"నియమం నేను రాయలేదు హెల్కా. మా నాన్న..." అని ఆగిపోయాడు.

సరిగ్గా అప్పుడు అతని జేబులో అతని సొంత ఫోను మోగింది. మనదే, పెద్ద కీలది. ఇల్పో ఏం చేశాడో అక్కడున్న అందరం చూశాం. తొడుగు కొస పళ్ళతో పట్టుకున్నాడు, చెయ్యి బయటికి లాగాడు, ఒట్టి వేలితో పచ్చ కీ నొక్కాడు. తొడుగు నోట్లోంచి వేలాడుతోంది. హలో అనబోయి "హవో" అన్నాడు.

"ఇల్పో, ఏం తింటున్నావురా?" అంది పిర్కో. అతను చిన్నప్పుడు తన తోటలో బెర్రీలు దొంగతనం చేస్తే చెవి మెలిపెట్టిన మనిషి, ఆవిడకు డైరెక్టరైనా ఒకటే, ఎవరైనా ఒకటే. "ఉన్ని కూరా? ఉప్పు సరిపోయిందా?"

నవ్వులతో మంచు అదిరింది. ఇల్పో ఫోన్ పెట్టేశాడు. చెవులు ఎర్రబడ్డాయి, చలికో సిగ్గుకో తెలియదు.

హెల్కా నవ్వలేదు. "ఇక్కడ ఎవరైనా సరే, తొడుగు తియ్యకుండా ఫోను ఎత్తినవాళ్ళు ఉంటే చెయ్యెత్తండి" అంది.

ఒక్క చెయ్యీ లేవలేదు. నేనూ ఎత్తలేదు. మేమంతా పుట్టినప్పటినుంచీ తొడుగు పళ్ళతోనే లాగుతున్నాం, నాణెం తియ్యాలన్నా, ముక్కు చీదాలన్నా.

"మా నాన్న సంగతి వేరు" అన్నాడు ఇల్పో. "ఆయన తొడుగు తియ్యలేదు. తీసే టైము లేదు. అందుకే బతికాడు. ఆ తొడుగు వల్లే నాకు నాన్న ఉన్నాడు. నీకిది ఆట హెల్కా, నాకు కాదు."

ఆ మాట వచ్చాక ఇంకేమీ అడగకూడదని మా పద్ధతి. అప్పుడు హెల్కా ఇంతవరకూ ఈ ఊళ్ళో ఎవరూ చెయ్యని పని చేసింది. నడుచుకుంటూ వెళ్ళి ఆర్వో పక్కన మంచు మీద గొంతుక్కూర్చుంది.

"ఆర్వో పెద్దనాన్నా, ఆ రోజు నీ తొడుగు చేతికే ఉందా?"

ముసలాయన గాలం మీంచి కళ్ళు తియ్యలేదు. ఇల్పో అడ్డం వెళ్ళబోయాడు, నేను అతని మోచెయ్యి పట్టుకున్నాను.

"తొడుగా?" అన్నాడు ఆర్వో. "అది నాతోపాటే నీళ్ళలో పడింది. పైకి నేనొక్కణ్ణే తేలాను."

"మరి ఫోను?"

"ఒట్టి వేళ్ళతోనే నొక్కాను. చచ్చేంత నొప్పి పుట్టింది."

"నాన్నా!" అన్నాడు ఇల్పో. "ఇన్నేళ్ళూ చెప్పలేదే?"

"నువ్వడగలేదు కదరా" అన్నాడు ఆర్వో. "ఎవరూ అడగలేదు. పేపరు వాళ్ళొచ్చి తొడుగు వేసుకుని నిలబడమంటే నిలబడ్డాను. వాళ్ళకు ఫోటో కావాలన్నారు."

అంతే. ఇన్నేళ్ళ నియమం, ఇన్ని ఫోన్ల భవిష్యత్తు, ఒక్క ఫోటో మీద నిలబడి ఉంది. మర్యాదకు పోయి ఎవరమూ అడగలేదు. మర్యాద మంచిదే. కానీ ఆ ఫోటోను నియమంగా అచ్చు వేసి గోడకు తగిలించింది మీరు.

ఆర్వో గాలం పక్కన పెట్టాడు. గాలం నుంచి చేపలు విప్పే చెయ్యి కదా, తొడుగు లేదు, వేళ్ళు పగిలి ఉన్నాయి. "ఏదీ, ఆ కిటికీ ఇటివ్వు" అన్నాడు హెల్కాతో. పేర్ల వరస మీద వేలు పెట్టి తోశాడు. అది జారింది. మెల్లగా, మెల్లగా ఆగింది. ఆయన మళ్ళీ తోశాడు. మళ్ళీ.

"మంచు మీద బండిలా ఉందే" అన్నాడు.

ఎవరూ చెప్పలేదు ఆయనకు. హెల్కా మొహం అటు తిప్పుకుంది. పిర్కో ముక్కు చీదింది. ఇల్పో తండ్రి చేతిలో ఉన్న అద్దాన్ని చూస్తూ అలాగే నిలబడి, తర్వాత ఒడ్డుకేసి నడిచి వెళ్ళిపోయాడు. పోతూ పోతూ తొడుగు మంచు మీదే వదిలేశాడు. నేను తీసి జేబులో పెట్టుకున్నాను.

అతను మారతాడనుకున్నాం. సోమవారం పొద్దున హెల్కా జట్టు వచ్చేసరికి బీరువాకు తాళం. తలుపు మీద కాగితం: మంచు పరీక్షలో నెగ్గలేదు, జట్టు రద్దు నిర్ణయం శుక్రవారం. సంతకం కమిటీది. మళ్ళీ కమిటీ! ఇల్పో సెలవులో ఉన్నాడట. ఏ సెలవు? మీరు పంపిన సెలవా, అతనే పారిపోయిన సెలవా?

నేను వాళ్ళ గదిలోకి వెళ్ళాను. హెల్కా బల్ల తుడుస్తోంది. "వదిలెయ్ రేయో" అంది. "వాళ్ళు చేశారుగా అవతల. మనం చెయ్యకపోయినా ప్రపంచంలోకి వచ్చింది. అది చాలు."

నాకు చాలదు. అవతలివాళ్ళు గొప్పగా చేశారు, టోపీ తీసి ఒప్పుకుంటాను. కానీ అంత గొప్పగా చేసినవాళ్ళు మనింట్లోనూ ఉన్నారు, కింది అంతస్తు మూల గదిలో. అవతలివాళ్ళు తమ మనిషికి తలుపు తెరిచారు. మీరు తాళం వేశారు. కీలు బిగించే పిర్కో అద్దం బిగించడం నేర్చుకుంటానంటోంది. తన పని పోతుందని తెలిసీ అంటోంది. మీకు పోయేదేముంది, గోడమీది ఒక ఫోటో తప్ప?

కాబట్టి వినండి. శుక్రవారం కాకముందే ఆ బీరువా తెరవాలి. తెరిచే చెయ్యి ఎవరిదో అందరం చూడాలి. మంచు పరీక్ష ఉంచండి, తొడుగు నియమం కొట్టెయ్యండి. ఆపదలో మోగాలి, అంతే రాయండి. శుక్రవారం మీ బల్ల దగ్గర హెల్కాకు కుర్చీ వెయ్యండి, ఆర్వోకు ఇంకొకటి వెయ్యండి, ఈసారి ఆయన్ని అడగండి. ఒక లైను ఖాళీ చేసి అద్దానికివ్వండి. ఇల్పో, నీ తొడుగు నా దగ్గరుంది. కిందికి వచ్చి, ఒట్టి చేత్తో, ఆ తాళం నువ్వే తియ్యి. నువ్వు వచ్చేదాకా మేం ఒక్క కీ కూడా బిగించం.