నాన్న చేతిలో లేని స్టీరింగు

ఉద్యోగం చేసినన్నాళ్లూ బస్సు నడిపిన మనిషి ఇంకొకరు నడిపే బండిలో కుదురుగా కూర్చోలేడు. ఏడోనెల గర్భిణి అయిన కూతుర్ని వెంటబెట్టుకుని మొదటిసారి విమానమెక్కిన ఆ తండ్రికి సీటు ముళ్లకంపలా ఉంది.

కూతురు దూరపు ఊళ్లో కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుంది. అల్లుడు ఓడలో వంటవాడు, ప్రసవమయ్యేదాకా ఒడ్డుకు రాడు. తల్లికి మోకాలి ఆపరేషనై మంచం దిగలేని స్థితి. దాంతో కూతుర్ని ఇంటికి తెచ్చే పని ఈయన మీద పడింది. రోజంతా రోడ్డు మీద కుదుపులు వద్దు, విమానమైతే ఫరవాలేదని డాక్టరమ్మ చెప్పింది. నీళ్లు బాగా తాగమంది, బెల్టు పొట్ట కిందుగా పెట్టుకోమంది.

"గాల్లో గుంటలుంటాయా అమ్మా?" అని అడిగాడాయన.

"ఉంటాయి. రోడ్డు మీద ఉన్నన్ని ఉండవు లెండి," అని నవ్విందామె.

విమానం లేచింది మొదలు ఆయన కూతురి బెల్టు సర్దుతూనే ఉన్నాడు. కిటికీలోంచి చూసి ఉలిక్కిపడ్డాడు.

"రెక్క ఊగుతోందే!"

"ఊగుతుంది నాన్నా. ఊగకపోతేనే ప్రమాదమట."

"ఆ డ్రైవరుకి తెలుసో లేదో, ఒక్కమాట చెప్పొస్తాను."

"నువ్వు కూర్చో, నీకు దణ్ణం పెడతాను."

అంతలో విమానం కుదిపింది. ఆయన కుడికాలు బ్రేకు కోసమన్నట్టు టక్కున నేలను తొక్కింది. కూతురు పకపకా నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఆమె పొట్ట రాయిలా బిగుసుకుంది. కాసేపటికి వదిలింది. హమ్మయ్య అనుకునేలోగా మళ్లీ బిగిసింది. ఆమె పెదవి కొరుక్కుని పత్రిక తిరగేసింది. ఒక్క అక్షరం కూడా బుర్రకెక్కలేదు. చెబితే ఈయన విమానం తలుపు తీసుకుని దిగిపోయేలా ఉన్నాడు, ఎలా చెప్పడం?

"ఏమైందమ్మా?"

"ఏం లేదు."

"ఇన్నేళ్లూ అద్దంలో వెనకసీట్ల మొహాలు చూసినవాణ్ణి. వాంతి ఎవరికొస్తుందో, ఏడుపు ఎవరికొస్తుందో ముందే తెలిసేది. చెప్పు తల్లీ."

ఆమె చెప్పింది. ఆయన మొహం పాలిపోయింది గానీ అరవలేదు. చేయెత్తి ఎయిర్‌హోస్టెస్‌ను పిలిచాడు. ఆ అమ్మాయి కూతుర్ని ఎడమవైపుకి వాల్చి, విమానంలో డాక్టర్లెవరైనా ఉన్నారా అని మైకులో అడిగింది. వెనకనుంచి ఒకావిడ గబగబా వచ్చింది.

"నేను పళ్ల డాక్టర్నండీ," అంది మొహమాటంగా.

"బిడ్డకింకా పళ్లు రాలేదు కదమ్మా," అన్నాడు తండ్రి, ఏమంటున్నాడో తనకే తెలియకుండా.

కూతురికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆవిడ మాత్రం ఆమె పొట్టమీద చెయ్యివేసి ఓపిగ్గా కూర్చుంది. మూడుసార్లు బిగిసేదాకా చూసింది.

"ఉత్త దొంగనొప్పులే కావచ్చు. కాకపోనూ వచ్చు. నాకు తెలిసినట్టు నటించలేను," అంది.

పైలట్‌తో మాట్లాడి ఎయిర్‌హోస్టెస్ తిరిగొచ్చింది. దారిలో ఒక ఊళ్లో దిగే వీలుందని, లేదంటే చేరాల్సిన ఊరికి ఇంకా గంట పడుతుందని చెప్పి తండ్రి వైపు చూసింది. పొద్దుటినుంచి దిగిపోదాం, దిగిపోదాం అని లోలోపల జపం చేస్తున్న మనిషి ఆ మాటకు కూతురి వైపు చూశాడు. ముందువరసలో ఎవరో ఆలస్యమైపోతుందని సణుగుతున్నారు.

"నన్నడక్కండి. మోస్తున్నది అది," అన్నాడు చివరికి. కూతురి చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వెలాగంటే అలాగే."

అంతసేపూ ఆయనకు ధైర్యం చెబుతూ వచ్చిన పిల్ల అప్పుడు ఆ చెయ్యిని గట్టిగా పట్టుకుంది.

"దిగుదాం నాన్నా. నాకు భయమేస్తోంది."

విమానం దిగగానే అంబులెన్సు ఎక్కించారు. పరుగులాంటి నడకతో ఆయన వెనకే వెళ్లాడు. ఆసుపత్రి డాక్టరు పరీక్షచేసి, "పొద్దుటినుంచి నీళ్లు తాగారా?" అని కూతుర్ని అడిగింది.

ఆమె తల దించుకుంది. "మాటిమాటికీ బాత్రూముకి లేవాల్సొస్తుందని..."

"అదీ సంగతి. ఒంట్లో నీరు తగ్గితే ఇలాగే బిగుస్తుంది. బిడ్డ బాగానే ఉంది."

సెలైను ఎక్కిన కొద్దీ నొప్పులు సద్దుమణిగాయి. తండ్రి మాత్రం వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉన్నాడు. భార్య ఫోను చేసింది.

"ఎక్కడిదాకా వచ్చారు?"

"దారిలో ఆగాం."

"విమానానికి దారిలో స్టాపులేమిటండీ!"

"మనమ్మాయి కోసం ఆపారు," అన్నాడు. ఆ మాట అన్నాక గోడకానుకుని కూర్చున్నాడు. అవతల ఆవిడ హలో, హలో అంటోంది. ఆయన ఫోను రెండో చెవికి మార్చుకుని, "భయం లేదు, బిడ్డ బాగానే ఉంది," అన్నాడు.

రెండోరోజు డాక్టరు వెళ్లొచ్చంది. రైలా, విమానమా అని ఆయన నసిగాడు. కూతురు విమానమేనంది. సీసాడు నీళ్లు ఆయన కళ్లముందే తాగింది. ఆయన గొణుక్కుంటూ టిక్కెట్ల కోసం బయల్దేరాడు.