నుదుటి రూపాయి

పేలని మందుగుంత పక్కన గడ్డపార వెయ్యమన్నది మేస్త్రీ. వేసింది పెంచలయ్య.

నల్లగుట్ట క్వారీలో ముందురోజు పెట్టిన మందు ఒకటి పేలకుండా రాతిలోనే మిగిలిపోయిందని అందరికీ తెలుసు. "ఒక పూట ఆగుదామప్పా. నీళ్ళు పోసి మందు నాననిచ్చినాక తీస్తాం" అన్నాడు పెంచలయ్య. మేస్త్రీ వినలేదు. రాయి మద్రాసు హార్బరుకు పోవాలి. లారీలు కాచుకొని ఉన్నాయి. కాంట్రాక్టరు చెంగల్రాయులు చిత్తూరు నుంచి కబురు మీద కబురు పంపుతున్నాడు.

"భయమైతే ఇంట్లో కూర్చో. రేపట్నించి నీకు ఈడ పని లేదు" అన్నాడు మేస్త్రీ.

కింద కంకరజల్లి కొడుతున్న పెంచలయ్య పెళ్ళాం మునిలక్ష్మి తలెత్తేసరికి గుట్ట సగం పొగలో ఉంది. రాళ్ళు వానలా కురిశాయి. మేస్త్రీ తల మీద చేతులు పెట్టుకుని పరుగెత్తుతూ దిగాడు. పెంచలయ్య దిగలేదు.

అతన్ని దుప్పట్లో వేసి మోసుకొచ్చి గుడిసె ముందు పడుకోబెట్టారు. కుడి చెయ్యి లేదు. పొట్ట మీద కప్పిన తువాలు తడిసి నేలకు కారుతోంది. ముఖానికి మాత్రం గీత కూడా పడలేదు. మునిలక్ష్మి ఏడవలేదు. మొగుడి ముఖానికంటిన రాతిపొడిని కొంగుతో తుడుస్తూ కూర్చుంది. ఎంత తుడిచినా పోలేదు. ఏళ్ళ తరబడి తోలులోకి ఇంకిపోయిన పొడి అది.

అప్పుడొచ్చాడు చెంగల్రాయులు, మెళ్ళో పూలదండతో సహా జీపు దిగి.

ఎనభై తొమ్మిదో సంవత్సరం అది. దేశాన్నేలిన ఒక పెద్ద నాయకుడు పుట్టి నూరేళ్ళయిందని ఊరూరా ఉత్సవాలు జరుగుతున్నాయి. ఆయన బొమ్మతో కొత్త రూపాయి బిళ్ళ వచ్చింది. గుట్ట మీద ఎవరూ ఆయన్ని పేరు పెట్టి పిలవరు, పెద్దాయన అంటారు. ఉత్సవ కమిటీకి మండల అధ్యక్షుడు చెంగల్రాయులే. ఆ పొద్దున చిత్తూరులో సభ చేసి, కొత్త బిళ్ళలు పంచి, నేరుగా ఇటే వచ్చాడు.

"ఎంత పనాయ! తాగి గుట్టెక్కొద్దని ఎన్ని తూర్లు సెప్పినా. వింటే గదా" అన్నాడు శవాన్ని చూస్తూ.

"వాడికి తాగే అలవాటే లేదు సామీ" అన్నాడు ఆదిమూలం. ఆ గుట్ట మీద అందరికన్నా పెద్దవాడు. అక్కడి రాతి పనివాళ్ళలో సగం మందికి ఉలి పట్టడం నేర్పినవాడు.

చెంగల్రాయులు ఆ మాట పట్టించుకోకుండా శవం దగ్గరికి వంగాడు. శవం నుదుట రూపాయి అతికించి సాగనంపడం ఆ పక్క ఆచారం. జేబులోంచి తళతళలాడే బిళ్ళ తీసి, అందరికీ కనబడేలా ఎత్తి చూపించి, పెంచలయ్య నుదుట అదిమాడు.

"సూడండ్రా, పెద్దాయన బొమ్మ! మా నాయన పోయినప్పుడు గూడా ఇంత భాగ్యం దక్కలా. దేశాన్నేలినాయన వీడి నుదుట కూర్చోని కాటిదాకా వస్తా ఉండాడు. ఇంకేం కావల్ల?"

మునిలక్ష్మి చెయ్యి చాచి ఆ బిళ్ళను ఊడదీసింది.

"తీసుకో నీ రూపాయి" అంది. గొంతు పెద్దగా లేదు కానీ అందరికీ వినబడింది. "మందుగుంతలో గడ్డపార ఎయ్యమని ఆ పెద్దాయన సెప్పినాడా? నువ్వు సెప్పించినావు. సంపింది నువ్వు. మొగం ఆయనది సూపిస్తావా?"

విసిరేసింది. బిళ్ళ చెంగల్రాయులు కంటి కింద తగిలింది. రక్తం చిమ్మి దండలోని తెల్లపూల మీద పడింది. బిళ్ళ జల్లిలో దొర్లి కాళ్ళ కింద ఎక్కడో చిక్కింది.

తర్వాత జరిగినదానికి వరస లేదు. జీపులోంచి చెంగల్రాయులు మనుషులు కట్టెలతో దూకారు. శవం పక్కనున్న ఆడవాళ్ళను జుట్టు పట్టి ఈడ్చారు. ఒకడి కాలు తగిలి పాడె కర్రలు విరిగాయి. పొరుగింటి జ్ఞానాంబ జల్లి సుత్తి తీసుకొని వాడి మోకాలి చిప్ప మీద కొట్టింది. వాడు కుక్కలా అరిచి పడ్డాడు. రాళ్ళు లేచాయి, కట్టెలు లేచాయి. పోలీసు వ్యాను వచ్చేసరికి గుడిసెల మధ్య నేలంతా రక్తపు మరకలే.

వ్యానులోకి ఎక్కించింది ఒక్క మునిలక్ష్మినే.

స్టేషన్లో ఎస్సై ఆమె ఎదురుగా కుర్చీ వేసుకొని కూర్చున్నాడు.

"కాంట్రాక్టర్ని కొట్టినావు. దాన్ని ఎట్నో సర్దుకోవచ్చు. దేశనాయకుడి బొమ్మను ఇసిరికొట్టి, కాళ్ళ కింద ఏసి తొక్కించినావు. దీన్నుంచి నిన్ను ఎవుడు కాపాడతాడు?"

"మా ఆయన్ని సంపినోడి మీద కేసు రాసినారా సామీ?"

జవాబు లాఠీ చెప్పింది. బండలు పగలగొట్టే చేతులు కనుక అరచేతులు తొందరగా లొంగలేదు. అందుకని అరికాళ్ళ మీద కొట్టారు. మడమలు చిట్లాయి. "రేపు అందరి ముందర ఆ బొమ్మకు దండం పెట్టి తప్పయిందని సెప్పు. వదిలేస్తాం" అన్నాడు ఎస్సై. ఆమె గోడకు తల ఆనించి కళ్ళు మూసుకుంది. నొప్పికన్నా పెద్ద బాధ ఒకటుంది. మొగుడి మీద తన చేత్తో పిడికెడు మట్టి వెయ్యలేకపోయింది.

తెల్లవారాక లాకప్పు కిటికీ బయట గుంపు చప్పుడు వినిపించింది. మునిలక్ష్మి కమ్మీలు పట్టుకుని ఒంటికాలి మీద లేచింది. గుట్ట మొత్తం దిగివచ్చింది. సుత్తులు, గడ్డపారలు చేతుల్లోనే ఉన్నాయి.

"మట్టి చేసినాం మే, మునిలక్ష్మీ! అందరం నీ పేరు సెప్పి ఏసినాం" అని అరిచింది జ్ఞానాంబ. మునిలక్ష్మి కమ్మీలకు నుదురు ఆనించి, అప్పుడు ఏడ్చింది.

బయట వాళ్ళు వాదులాడుకుంటున్నారు. ఆదిమూలానిది ఒకటే మాట.

"మేస్త్రీని తన్నుండొచ్చు, కాంట్రాక్టర్ని తన్నుండొచ్చు. బిళ్ళ ఇసిరేసింది మాత్రం తప్పే. పెద్దాయన ఏం చేసినాడప్పా మనకి? సిన్నప్పుడు రేణిగుంట స్టేషన్లో సూసినా ఆయన్ని. రైలు తలుపు కాడ నిలబడి, నన్నే సూసి నవ్వినట్టుండె. ఆ బిళ్ళ వస్తే నేను దేవుడి పటం కాడ పెట్టుకున్నా."

"నువ్వు పెట్టుకున్నావు తాతా. ఎంతమంది పెట్టుకుంటారు?" అన్నాడు జయరామ్. తిరుపతిలో కాలేజీ చదువు వదిలేసి, క్వారీ కూలీలకు సంఘం కడతానని గుట్ట మీదకు వచ్చినవాడు. "ఆ బొమ్మ సారాయంగట్లో గల్లాపెట్టెలో పడతాది. లంచమై ఈ స్టేషన్లోకే వస్తాది. అప్పుడు ఎవురికీ అవమానం కనపడదు. మునిలక్ష్మక్క ఇసిరితేనే కనపడిందా? అసలు కాసుల మీద నాయకుల మొగాలెందుకు? నాయకుడు చేసిన పని మన బతుకులో కనపడల్ల."

"బొమ్మ ఉంటే పిలకాయలకి తెలస్తాది గదా, ఇట్లాంటాయన ఒకడున్నాడని" అంది జ్ఞానాంబ.

"అట్లయితే రాయి కొట్టేవాడి బొమ్మ ఎయ్యమనండి! నాగలి పట్టేవాడి బొమ్మ ఎయ్యమనండి!" అని ఎవరో అరిచారు. గుంపు ఔనౌనంది.

"వద్దు!" అంది మునిలక్ష్మి కిటికీలోంచి. అందరూ తిరిగారు. "నా మొగుడి బొమ్మ ఏస్తామన్నా నేనొప్పుకోను. కాసు మీద మొగమేస్తే, కాసు ఎవుడి సేతిలో ఉంటే ఆ మొగం వాడిదయితాది. నిన్న చెంగల్రాయులు పెద్దాయన్ని జేబులోంచి తీసినాడు, సూళ్ళేదా? మన మొగాలేస్తే మనల్నీ అట్నే తీస్తాడు."

ఆదిమూలం తల అడ్డంగా ఆడించాడు.

"నువ్వు పసిదానివి మునెమ్మా. నీ బదులు నేను దండం పెట్టేస్తా. నాకు అవమానం లే, నేను దినామూ పెట్టేదే" అంటూ స్టేషన్ మెట్లెక్కాడు.

లోపల చెంగల్రాయులు కంటి కింద కట్టుతో ఎస్సై పక్కన కూర్చొని ఉన్నాడు. ముసలివాడి మాట విని నవ్వాడు. జేబులోంచి ఇంకో కొత్త బిళ్ళ తీశాడు. కాలు మీద కాలు వేసుకొని, దాన్ని తన బూటు మీద పెట్టుకున్నాడు.

"పెట్టు మరి. వంగి, కళ్ళకద్దుకో."

లాకప్పు కమ్మీల వెనక నుంచి మునిలక్ష్మి చూస్తూనే ఉంది. తాత వంగాడు. చేతులు జోడించాడు. అలాగే ఆగిపోయాడు. వంగిన వీపు మెల్లగా నిటారైంది.

"సామీ" అన్నాడు ఆదిమూలం. "పెద్దాయన్ని ఆడ్నించి తీయండి. బూటు మీద పెట్టినారే."

"మొక్కు ముసలోడా!"

"తీయండి సామీ. మీరు గదా ఆయన్ని కమిటీ పెట్టి ఊరేగించినారు." ఎవరూ కదలకపోతే తనే చెయ్యి చాచి బిళ్ళ అందుకోబోయాడు.

చెంగల్రాయులు బూటుకాలు అతని గుండెల్లో దిగింది. ముసలాయన వెల్లకిలా పడ్డాడు. పడ్డా చెయ్యి ఇంకా చాచే ఉంది. ఎస్సై లేచి లాఠీ ఎత్తాడు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది తల మీద. పచ్చి కొబ్బరికాయ పగిలిన చప్పుడయింది. ఆదిమూలం కాళ్ళు రెండు మూడుసార్లు కొట్టుకొని నిలిచిపోయాయి.

"తాతను సంపేసినారు!" మునిలక్ష్మి కిటికీ వైపు తిరిగి గొంతు చించుకుని అరిచింది. "బూటుకు మొక్కలేదని తాతను సంపేసినారు!"

గుట్ట మనుషులకు గోడలు పెద్ద పని కాదు. బండల్ని పెకలించే గడ్డపారలు కిటికీ చట్రంలోకి దిగాయి. ఒక్క ఊపుతో కమ్మీలు సున్నంతో సహా ఊడిపడ్డాయి. ముందు తలుపు లోపలికి కూలింది. ఎస్సై తుపాకీ తీసి గుంపులోకే కాల్చాడు. ఒక గుండు జయరామ్ తొడలోకి దిగింది. అతను పడ్డాడు, పడుతూనే "ఆగొద్దు!" అని కేక వేశాడు. ఎవరూ ఆగలేదు. సుత్తి దెబ్బకు ఎస్సై మణికట్టు విరిగి తుపాకీ కింద పడింది. పోలీసులు వెనక గోడ దూకి పారిపోయారు. చెంగల్రాయుల్ని జీపు దాకా తరిమారు. జీపు అద్దాలు పగిలాయి, అతని పళ్ళు రాలాయి. ఒళ్ళంతా రక్తంతో, డ్రైవరు కాళ్ళ దగ్గర ముడుచుకొని తప్పించుకుపోయాడు.

జయరామ్ తొడకు తువాలు బిగించి అటుగా వచ్చిన బండిలో ఆసుపత్రికి పంపారు. జ్ఞానాంబ మునిలక్ష్మిని భుజాన ఆనించుకొని బయటికి తెచ్చింది. ఆదిమూలం శవాన్ని తలుపు చెక్క మీద పడుకోబెట్టారు.

"ఊర్లోకి తీసకపోదామా?" అడిగింది జ్ఞానాంబ.

"వద్దు" అంది మునిలక్ష్మి. "నా మొగుణ్ణి గమ్మున మట్టి చేసినారు, ఎవురికీ తెలీలా. తాతను మద్రాసు రోడ్డు మీదకి తీసకపోదాం. ఈ గుట్టల్లోని రాయంతా ఆ దోవనే గదా పోయేది. ఇద్దర్ని సంపినోళ్ళ మీద కేసు రాసేదాకా ఒక్క రాయి పోకూడదు."

రోడ్డుకు అడ్డంగా శవాన్ని దించారు. దాని చుట్టూ ఆడవాళ్ళు, వాళ్ళ వెనక మగవాళ్ళు కూర్చున్నారు. మొదటి లారీ హారన్ కొట్టుకుంటూ వచ్చింది. అరవం మాట్లాడే డ్రైవరు దిగి శవాన్ని, చుట్టూ కూర్చున్న వాళ్ళ నెత్తుటి గుడ్డల్ని చూశాడు. వెనక్కి పోయి ఇంజను ఆపేశాడు. దాని వెనక ఇంకోటి ఆగింది. దాని వెనక మరోటి. పెద్ద పెద్ద బండలు మోకులతో కట్టించుకొని కనుచూపు మేర నిలిచిపోయాయి.

మధ్యాహ్నానికి రిజర్వు పోలీసులు దిగి తుపాకులు గురిపెట్టారు. ఆఫీసరు మైకులో చెప్పాడు. శవాన్ని, మునిలక్ష్మిని అప్పగిస్తే తక్కినవాళ్ళను ఇళ్ళకు పోనిస్తాడట. లేకపోతే కాలుస్తాడట.

మునిలక్ష్మి లేవబోయింది. "నేను పోతే మిగతావాళ్ళన్నా..."

జ్ఞానాంబ ఆమె భుజం పట్టి కూర్చోబెట్టింది. "నిన్న మొగుడి కాడ్నించి నిన్ను ఒక్కదాన్నే ఎక్కించుకపోయినారు. సూస్తా నిలబడినాం. ఈ పొద్దు నిలబడం."

చిత్తూరు వైపు నుంచి దుమ్ము లేచింది. ఇంకో బెటాలియన్ వస్తోందని గుసగుసలు మొదలయ్యాయి. కొందరు రాళ్ళు ఏరుకున్నారు. మునిలక్ష్మి కూడా ఒకటి అందుకుని, చిట్లిన మడమల మీద బలవంతంగా లేచి నిలబడి చూసింది.

వస్తున్నది పోలీసులు కాదు. లారీలు ఆగిన కబురు విని పని వదిలేసిన, మామిడిరసం ఫ్యాక్టరీలో కాయలు కోసే ఆడవాళ్ళు. కాయల జీడి కారి నల్లబడిన చేతులతో, పని బట్టలతోనే, రోడ్డు నిండుగా నడిచి వస్తున్నారు. ఆఫీసరు మైకులో ఆగమని అరిచాడు. వాళ్ళు తుపాకుల పక్కగా, వాటివైపు చూడకుండా నడిచి వచ్చేశారు. ముందున్న ముసలావిడ శవానికి దండం పెట్టి, మునిలక్ష్మి పక్కకు వచ్చి ఆయాసపడుతూ నిలబడింది.

"రవంత జరుగు మే" అంది. "మేం గూడా కూర్చోవల్ల."