అల్లుడి చేతికే పలికిన లాప్‌టాప్

మా ఇంట్లో ఒక లాప్‌టాప్ ఉంది. దాని వయసు పదమూడేళ్ళు. బరువెంతో చెబితే మీరు నమ్మరు. ఒకసారి తూకం వేద్దామని తక్కెడలో పెడితే, అవతలి పళ్ళెంలో నేనెక్కి కూర్చోవలసి వచ్చిందని మాత్రం చెప్పగలను. అది మా అల్లుడు పనిచేసే ప్రెస్సులో పక్కన పడేసిన సరుకు. పాత సాఫ్ట్‌వేరుతో దానికి మెలకువ రావడానికే అరగంట పట్టేదట. అల్లుడు ఆ చెత్తంతా ఊడ్చేసి, లినక్స్ అనే మరో సాఫ్ట్‌వేరు ఎక్కించి మాకిచ్చాడు. అప్పటినుంచి దానికి పడుచుదనం వచ్చింది. మూత తీసి నేను కళ్ళజోడు వెతుక్కునేలోపు వార్తలన్నీ వచ్చి కూర్చునేవి.

పదిహేను రోజుల కిందట దానికి వైఫై పోయింది.

వార్తలు రాకపోతే నాకేం లోటు లేదు, కావలసినన్ని నేనే పుట్టించుకోగలను. కాని శనివారం మధ్యాహ్నం నాలుగింటికి మా ఆవిడకు ఆ తెర మీదే ఇంటర్వ్యూ ఉంది.

ఆవిడ దర్జీ. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒకే దుకాణంలో కోట్లు కుట్టింది. మూడేళ్ళ కిందట ఆ దుకాణం మూతపడింది గాని ఆవిడ చేతులు మూతపడలేదు. కర్టెన్ల అంచులు మూడుసార్లు విప్పి మళ్ళీ కుట్టింది. నా చేతిరుమాళ్ళకు లైనింగు వేసింది. ఆ తర్వాత తొడుగుల మీద పడింది. టీవీ రిమోటుకు తొడుగు, ఉప్పు సీసాకు తొడుగు, నా చేతికర్రకు తొడుగు, లాప్‌టాప్‌కు తొడుగు. ఇంట్లో కదలకుండా ఉన్న ప్రతిదానికీ ఒక తొడుగు పడింది. నేను అప్పుడప్పుడూ అటూ ఇటూ కదులుతూ ఉండేది అందుకే.

ఇలా ఉండగా ఒక నాటక సమాజం వాళ్ళు దుస్తుల గదిలో పనికి మనిషి కావాలని ప్రకటించారు. ఆవిడ నాతో చెప్పకుండా అర్జీ పెట్టింది. వాళ్ళు పిలిచాక కూడా రెండు రోజులు చెప్పలేదు. చెప్పిన రోజున గోడవైపు చూస్తూ చెప్పింది. ఈ వయసులో తనను ఎవరు పిలుస్తారులే అనుకుందట. ఆ మాటన్న గొంతులో ఆశ ఎంతుందో నాకు తెలుసు. నలభై నాలుగేళ్ళుగా వింటున్న గొంతు మరి.

అందుకని వైఫై బాగుచేసే బాధ్యత నేను తీసుకున్నాను.

నేను రేడియోలు బాగుచేసి బతికినవాణ్ణి. గాల్లోంచి పాటలు దింపడం నాకు ఎడమచేత్తో పని. ఒకసారి నేను ఏరియల్ కట్టిన రేడియోలో ఎక్కడో నాలుగు సముద్రాల అవతల వాన పడుతున్న చప్పుడు ఎంత స్పష్టంగా వినిపించిందంటే, మా వీధివాళ్ళందరూ డాబాల మీది బట్టలు తీసేశారు. అలాంటివాడికి వైఫై ఒక లెక్కా? రాగితీగ ఒకటి తీసుకుని కర్టెన్ల కడ్డీకి చుట్టి, రెండో కొస లాప్‌టాప్ పక్కన ఉన్న చదరపు రంధ్రంలోకి దూర్చాను. సులువుగా దూరలేదు. కొంచెం బలంగా దూర్చాను. వైఫై రాలేదు. తీగ తీసేసి, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా వెళ్ళి టీ తాగాను.

ఆ సాయంత్రం అల్లుడు వచ్చాడు. అసలే మితభాషి. లాప్‌టాప్‌ను అటూ ఇటూ చూసి, రేపు ప్రెస్సులో తీరిగ్గా చూస్తానన్నాడు. తానే తొడుగులో పెట్టుకుని పట్టుకెళ్ళాడు. మర్నాడు ఫోను చేసి, తొడుగులోంచి తీయగానే వైఫై దానంతటదే తగులుకుందనీ, దీనికి జబ్బేమీ లేదనీ చెప్పాడు. సాయంత్రం తెచ్చి మా కళ్ళముందే తీసి చూపించాడు. శుభ్రంగా పనిచేసింది. మా ఆవిడ సంతోషించి, దుమ్ము పడకుండా తొడుగులో పెట్టింది. మర్నాడు పొద్దున తీసింది. వైఫై లేదు.

మళ్ళీ అల్లుడు, మళ్ళీ ప్రెస్సు, మళ్ళీ అదే కథ. ఆయన తెచ్చి తీస్తే పనిచేస్తుంది. ఆవిడ పెట్టి తీస్తే చచ్చినట్టు పడుకుంటుంది. మూడోసారి కూడా అలాగే జరిగేసరికి అల్లుడు ఏదో అనబోయి, అత్తగారి ముఖం చూసి మింగేశాడు. ఆయన మింగిన మాటను నేను కక్కాను.

"దానికి నువ్వంటే భయమే," అన్నాను. "కత్తెర పట్టుకుని తిరుగుతుంటే ఏ ప్రాణికైనా ఊపిరి ఆగుతుంది."

మామూలుగా అయితే ఆవిడ నాకు తగిన సమాధానం చెప్పేది. ఆ రోజు మాత్రం టేపు చుట్టి డబ్బాలో పెట్టి, నిజంగానే తన చేతులు ఈ కాలపు వస్తువులకు పనికిరావేమో అంది. నా నోరు నన్నెప్పుడూ అంత ఇబ్బంది పెట్టలేదు.

శనివారం మధ్యాహ్నం రెండింటికి ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని, కుట్టిన కోటు ఒకటి హాంగరుకు తగిలించి, లాప్‌టాప్ తీసి బల్లమీద పెట్టింది. వైఫై లేదు. అల్లుడికి ఫోను చేశాం. రెండున్నరకు వచ్చాడు. ఆ రోజు ప్రెస్సుకు సెలవు, పట్టుకెళ్ళడానికి చోటూ లేదు, టైమూ లేదు. తన ఫోన్లో మాట్లాడమన్నాడు. అరచేయంత అద్దంలో కుట్టేం కనిపిస్తుందనీ, వాళ్ళు చూపించే బొమ్మల్లో మడతలు తను ఎలా లెక్కపెట్టాలనీ ఆవిడ ఒప్పుకోలేదు. అయితే వైఫై పెట్టెనుంచి నేరుగా కేబుల్ పెడదామని సంచీలోంచి కేబుల్ తీశాడు. చదరపు రంధ్రంలో అది దూరలేదు. టార్చి వేసి చూశాడు.

"మామయ్యగారూ, దీని లోపల పిన్నులన్నీ వంగి ఉన్నాయండి."

నేను ఫ్యాను వైపు చూశాను. చాలా మంచి ఫ్యాను. రెక్కలు మూడు.

అల్లుడు నన్ను ఇంకేమీ అడక్కుండా నల్లతెర ఒకటి తెరిచి, దానిమీద తెల్లటి అక్షరాలు కొట్టడం మొదలుపెట్టాడు. ఒక్కో ఆజ్ఞ కొట్టడం, వచ్చిన జవాబు చదవడం, తల ఊపడం. వైఫై కార్డు ఉందన్నాడు. దాన్ని నడిపించే ప్రోగ్రాము కూడా సరిగ్గానే ఉందట. గోడమీది వైఫై పెట్టె దివ్యంగా వెలుగుతోంది. మూడుంబావు అయింది. ఇంకో ఆజ్ఞ కొట్టి, తెరకు ముక్కు ఆనించి చదివాడు. కార్డుకు అడ్డు రెండు రకాలుగా పడుతుందట. ఒకటి సాఫ్ట్‌వేరు వేసేది, అది లేదు. రెండోది బయట ఏదో మీట జరిపితే పడేది, అది ఉంది.

మీట ఎక్కడుందో ఆయనకూ తెలియదు. ప్రెస్సులో ఉన్నన్నాళ్ళూ అది కేబుల్ మీదే నడిచిందట. కీబోర్డంతా వెతికాడు. తిరగేసి వెతికాడు. నేను రేడియోల నాటి భూతద్దం తెచ్చిచ్చాను. నల్లటి ఒంటిమీద అన్నీ నల్లగానే ఉన్నాయి. మూడున్నర దాటింది. మా ఆవిడ హాంగరు మీది కోటు తీసి మడతపెట్టడం మొదలుపెట్టింది.

మడతపెడుతూనే అల్లుణ్ణి అడిగింది.

"ఇంతకీ దేనికోసం బాబూ వెతుకుతున్నారు?"

"చిన్న మీటండీ, అత్తయ్యగారూ. పక్కకి జరిపేది. ఎక్కడో ఉండాలి."

"ముందు అంచున ఉండే బొడిపేనా? నా లైనింగుని రెండుసార్లు చింపింది, పాడు బొడిపె."

అల్లుడి చేతిలో భూతద్దం ఆగిపోయింది.

ఆవిడ కోటు పక్కన పెట్టి వచ్చింది. తొడుగును లోపలివైపు పైకి తిప్పింది. ఒకచోట గుడ్డ అరిగి, దానిమీద చిన్న మాసిక వేసి ఉంది. చిరుగుతోందని పదిహేను రోజుల కిందటే ఉన్ని గుడ్డ పట్టీ వేసిందట. ఒక అంచుకు వేసి రెండో అంచును వదిలేస్తే దర్జీ అనిపించుకోదు కదా, రెండింటికీ వేసి ఇంకా బిగించింది. ఆ తొడుగును లాప్‌టాప్ పక్కన పరిచి, చొక్కాకు గుండీ చోటు గుర్తుపెట్టినట్టు మాసిక ఉన్నచోట వేలు ఆనించి, కళ్ళతో చూడకుండానే గోటితో జరిపింది. టక్కుమంది. తెర మూలన వైఫై గీతలు లేచి నిలబడ్డాయి.

అప్పుడు అల్లుడికి మొత్తం అర్థమైంది. ఆయనది ఎడమచేతివాటం. లాప్‌టాప్‌ను కుడి అంచు ముందుగా దూరుస్తాడు. బయటికి లాగేటప్పుడు గుడ్డ ఒరుసుకుని మీట తెరుచుకునే వైపు జరుగుతుంది. మా ఆవిడది కుడిచేయి. ఆవిడ ఎడమ అంచు ముందుగా దూరుస్తుంది. లాగేటప్పుడు మీట మూసుకునే వైపు జరుగుతుంది. మామూలు దర్జీ కుట్టిన తొడుగైతే వదులుగా ఉండి ఏమీ అయ్యేది కాదు. ఈవిడ కొలత తీసిందంటే చర్మం తొడిగినట్టే.

"అయితే దానికి నేనంటే భయం కాదన్నమాట," అంది ఆవిడ నావైపు తిరిగి.

నేను ఫ్యాను రెక్కలు మళ్ళీ లెక్కపెట్టాను. మూడే.

నాలుగింటికి తెరమీద దుస్తుల గది పెద్దావిడ వచ్చింది. మెడలో టేపు వేసుకున్న మనిషి, ముఖంలో నవ్వన్న జాడ లేదు. ఏవేవో బొమ్మలు చూపించి, ఈ మడత ఎలా వేస్తారు, ఈ భుజం ఎలా నిలబెడతారు అని అడుగుతోంది. మా ఆవిడ మొదట్లో తడబడుతూ, తర్వాత కాస్త కుదురుకుని చెబుతోంది. కోటు చూపిస్తే పెద్దావిడ బాగుందంది గాని, ఇలాంటివి చాలామంది కుడతారన్నట్టు అంది. నటులు ఒక రంగానికీ మరో రంగానికీ మధ్య ఒక్క నిమిషంలో దుస్తులు మార్చుకోవాలనీ, జారిపోకుండా బిగువుగా ఉండాలి గాని లాగితే ఊడి రావాలనీ, అలాంటి పని ఏదైనా చేశారా అనీ అడిగింది.

మా ఆవిడ చేయలేదని నిజం చెప్పబోతోంది. నన్ను మాట్లాడొద్దని ఇద్దరూ ముందే గట్టిగా చెప్పారు. నేను మాట్లాడలేదు, తల మాత్రం తెరలోకి పెట్టి, ఈవిడ కుట్టిన తొడుగు ఎంత బిగువంటే పదిహేను రోజులపాటు మా వీధి మొత్తానికి వైఫై ఆపేసిందని చెప్పాను. అల్లుడు వెనకనుంచి నా చొక్కా లాగాడు. లాభం లేకపోయింది. కథంతా చెప్పేశాను, మా ఇల్లొక్కటే అయినదాన్ని వీధి చేశాను తప్ప తక్కినదంతా నిజమే.

పెద్దావిడ ముందుకు వంగింది.

"ఆ తొడుగు చూపించండి."

మా ఆవిడ చూపించింది. అటు తిప్పి, ఇటు తిప్పి, లోపలి పట్టీలు, మాసిక, అంచు కుట్టు అన్నీ చూపించింది. ఆ చూపించడంలో భయం పోయింది, వయసు పోయింది, దుకాణంలో పెద్ద ఖాతాదారు ముందు నిలబడ్డప్పటి మనిషి వచ్చేసింది.

"తొడిగితే ఎలా కూర్చుంటుందో చూడాలి," అంది పెద్దావిడ.

"దానికేం భాగ్యం," అంది మా ఆవిడ. లాప్‌టాప్ మూత టపీమని మూసి, తొడుగులోకి ఒక్క తోపు తోసి, "ఇదిగో చూడండి, ఎక్కడైనా ముడత ఉందేమో," అని గాల్లోకి ఎత్తి పట్టుకుంది.

తొడుగుమీద ఒక్క ముడత లేదు.

తను ఎవరికి చూపిస్తోందో ఆ మనిషి తను చూపిస్తున్న తొడుగులోనే ఉందని ఆవిడకు తట్టడానికి నేను మూడు అంకెలు లెక్కపెట్టేంత టైము పట్టింది. ముఖం కోటు లైనింగులా తెల్లబోయింది. అల్లుడు చేయి చాచాడు. ఆవిడ ఇవ్వలేదు. తానే లాగింది, తానే గోటితో మీట జరిపింది, తానే మూత తీసింది. అల్లుడు కీబోర్డు మీద టకటకా కొట్టి మళ్ళీ కలిపేసరికి నాలుగు నిమిషాలు పట్టింది. నాకది నాలుగు వానాకాలాలంత అనిపించింది.

తెరమీద పెద్దావిడ ఇంకా ఉంది. మెడలో టేపు కొసతో కళ్ళు తుడుచుకుంటోంది. ఏడుస్తోందేమోనని భయపడ్డాను. నవ్వుతోంది. పక్కన ఎవరినో పిలిచి మళ్ళీ చెప్పి మళ్ళీ నవ్వింది. తర్వాత సర్దుకుని, లాగి తీయడానికి ఎంతసేపు పట్టిందని అడిగింది.

"చిటికె," అంది మా ఆవిడ.

"సోమవారం పొద్దున తొమ్మిదింటికి రండి. మీ కత్తెర మీరే తెచ్చుకోండి, ఇక్కడివి మొద్దువి. ఒక నెల చూస్తాను." ఆగి, "ఆయన్ని ఇంట్లోనే ఉంచి రండి," అంది.

ఆవిడ ఇప్పుడు రోజూ వెళ్తోంది. వెళ్ళేముందు ఆ తొడుగులో మీట ఒరుసుకునే రెండుచోట్లా పొడుగాటి కాజా కోసి, చుట్టూ పట్టుదారంతో కుట్టింది. రాజుగారి అంగరఖాకు కూడా అంత అందమైన కాజా ఉండదు. ఇప్పుడు ఎవరి చేత్తో తీసినా వైఫై వస్తోంది. చదరపు రంధ్రానికి మాత్రం ఒక మూత కుట్టి, దానికి రెండు హుక్కులు బిగించింది. హుక్కులు తీయడానికి వీల్లేదని నాకొక్కడికే చెప్పింది.