వెనక వరసకు కనబడని చీమ

దర్జీగారికి చూపు వచ్చింది. ఆ చూపే తన భార్య కొంప ముంచబోతోందని అప్పటికి ఆయనకూ తెలియదు, ఆవిడకూ తెలియదు.

ఆవిడ లైబ్రరీలో పిల్లల గది చూసుకునేది. శనివారం వస్తే చాలు, చిన్నపిల్లల్ని చాపల మీద కూర్చోబెట్టి, బొమ్మల పుస్తకం భుజం పక్కన తెరిచి పట్టుకుని, గట్టిగా చదివి వినిపించేది. పిల్లలందరికీ ఆవిడ కథలత్త. అత్త అన్న మాటకున్న చెడ్డపేరును ఒంటిచేత్తో కడిగేసిన మనిషి.

ఇప్పుడా గదికే గండం వచ్చింది. కొత్తగా వచ్చిన పెద్దసారుకు పాత ఫైళ్ళు పెట్టుకోవడానికి చోటు చాలడం లేదు. ఫైళ్ళు అల్లరి చెయ్యవు, గోడల మీద గీతలు గియ్యవు, కథ మధ్యలో లేచి చిటికెనవేలు చూపించవు. "ఈ శనివారం నేనే వచ్చి కూర్చుంటానమ్మా" అన్నాడాయన, ఎంతో మర్యాదగా. "పిల్లలు నిజంగా వింటుంటే గది మీది. ఊరికే వచ్చి పోతుంటే ఫైళ్ళది." కోపంగా అని ఉంటే ఎదురు తిరగవచ్చు. మర్యాదతో ఎవరు దెబ్బలాడగలరు? ఇక గది గతి ఏమిటన్నది ఒక్క పుస్తకం మీద పడింది.

గుంపుకు చదివే పుస్తకాన్ని దగ్గర పెట్టుకుని మోజుపడకూడదు. ఒళ్ళో ముచ్చటగా ఉన్న బొమ్మ వెనక వరసకు మచ్చలా ఉంటుంది. అందుకే ఆ దంపతులకు ఒక పద్ధతి ఉండేది. దర్జీగారు కళ్ళద్దాలు తీసి, వసారా చివర బల్ల మీద కూర్చునేవాడు. ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి పేజీలు తిప్పేది. కనబడింది కనబడినట్టు ఆయన చెప్పేవాడు. శుక్లాలు కమ్మిన ఆ మసక కళ్ళకు ఆనిన బొమ్మ, వెనక వరసలో ఏ పిల్లకైనా ఆనుతుంది. ఏళ్ళ తరబడి ఆ కొలత తప్పలేదు. కొలత తప్పితే నేను దర్జీనెలా అవుతానని ఆయన మీసం దువ్వుకునేవాడు.

ఆ కళ్ళకు ఈమధ్యే ఆపరేషన్ అయింది. శుక్లాలు పోయి శుక్లపక్షం వచ్చిందని తనే జోకు వేసి, తనే నవ్వి, ఎదురింటి డాబా మీద ఆరేసిన చొక్కాకు పైనుంచి రెండో గుండీ లేదని వీధంతా చాటాడు. దగ్గరి కుట్టుపనికి మాత్రం అద్దాలు కావాలి. దూరం సంగతి అడక్కండి, డేగ చూపు. ఆ సంబరంలో, వసారా చివర కూర్చోవలసింది డేగ కాదన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

శుక్రవారం సాయంత్రం ఆవిడ రెండు పుస్తకాలు తీసింది. మొదటిది చీమ కథ. తెల్లటి పేజీ, సన్నటి పెన్సిలు గీతలు, ఏ మూలనో దారి తప్పిన ఒక్క చీమ. అది తన బారును వెతుక్కుంటూ పోతుంటుంది. చదివేసరికే ఆవిడకు కళ్ళు చెమ్మగిల్లాయి. గుమ్మంలో నిలబడి తెరిచి చూపించింది.

"చీమ" అన్నాడు దర్జీగారు వసారా చివరనుంచి. "ఎడమవైపు, కింద. మీసాలు కూడా కనబడుతున్నాయి."

రెండోది కోడి కథ. పేజీ నిండా ఒకే పసుప్పచ్చ కోడి. దారికి అడ్డంగా కూర్చుంటుంది. ఆవు వస్తుంది, లారీ వస్తుంది, చివరికి మంటలార్పే బండి కూడా వస్తుంది. అందరూ లేస్తావా అని అడుగుతారు. కోడి లేవను అంటుంది. అంతే కథ.

దర్జీగారు ముఖం చిట్లించాడు. రంగు డబ్బా కాలితో తన్నినట్టుందన్నాడు. "పైగా గది ఖాళీ చేయించడానికి వచ్చిన మనిషి ఎదుట పిల్లల చేత లేవను, లేవను అనిపిస్తావా? కొరివితో తల గోక్కున్నట్టే."

ఆ మాట నిజమేననిపించి ఆవిడ చీమకే ఓటేసింది. అయినా ఒంటి పుస్తకంతో ఏనాడూ వెళ్ళని మనిషి కాబట్టి, అలవాటు కొద్దీ కోడిని కూడా సంచీలో పడేసింది.

శనివారం పెద్దసారు ఒంటరిగా రాలేదు. వెంట టేపు పట్టుకుని ఒక వడ్రంగిని తెచ్చాడు. వినడం అవకముందే కొలవడానికి మనిషి వచ్చాడన్నమాట. పెద్దసారు వెనక వరస పక్కన పిల్లల కుర్చీలో కూరుకుపోయి, మోకాళ్ళు గడ్డానికి ఆనుకునేలా కూర్చున్నాడు. వడ్రంగి గుమ్మంలో నిలబడి, తోచక టేపును కాస్త లాగి వదులుతున్నాడు. వదిలినప్పుడల్లా చిటుక్కుమంటోంది. చీమ చిటుక్కుమన్నా వినబడుతుందంటారే, అక్కడ చీమ తప్ప అన్నీ వినబడుతున్నాయి.

మొదటి పేజీకి ముందు వరస మెడలు చాచింది. రెండో పేజీకి వెనక వరసలోని ఒక పిల్ల లేచి నిలబడింది. గొంతు పెద్దది కాబట్టి అందరూ దాన్ని రైలింజను అంటారు. "అత్తా, చీమేదీ?" అంది. ఇదిగోనమ్మా అని ఆవిడ వేలుపెట్టి చూపించింది. వేలు కనబడింది, చీమ కనబడలేదు. రైలింజను లేచిందంటే పెట్టెలు ఆగుతాయా? ఇంకొకరు లేచారు, వాళ్ళ వెనకున్నవాళ్ళు లేచారు. కూర్చోమంటే కూర్చున్నారుగానీ, చూపు పుస్తకం మీద లేదు.

ఆవిడ పుస్తకం పట్టుకుని వరసల మధ్య నడిచింది. వెనక్కి నడిస్తే ముందువాళ్ళకు పోయింది, కుడికి తిప్పితే ఎడమవాళ్ళకు పోయింది. ఎవరో చెప్పు పట్టీ ఊడదీసి మళ్ళీ అంటించడం మొదలుపెట్టారు. చర్రు. చర్రు. గుమ్మంలో చిటుక్కు. ఆవిడ గొంతు పెంచింది. పెంచినకొద్దీ చీమ ఇంకా చిన్నదైపోయింది.

అప్పుడు పెద్దసారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. పెట్టుకుని ముందుకు వంగాడు. వంగి, వెతికి, వదిలేసి, కిటికీకేసి తిరిగాడు.

ఆవిడ చేతిలో పేజీ సగంలో ఆగిపోయింది. ఎదురింటి చొక్కా గుండీ గుర్తొచ్చింది. చీమ మీసాలు లెక్కపెట్టిన కళ్ళు తన మొగుడివి, ఈ పిల్లలవి కావు.

పూర్తి చెయ్యవచ్చు. చదివి, చప్పట్లు కొట్టించి, ఇంటికి పంపవచ్చు. అలా చేస్తే సోమవారం ఇక్కడ బీరువాలు దిగుతాయి. లేదా సంచీలో కోడి ఉంది. కొరివి అన్నాడాయన. ఆవిడ సంచీవైపు చూసింది, పెద్దసారువైపు చూసింది, చాప చివరికంటా జరిగిపోయిన రైలింజనువైపు చూసింది.

చీమను మూసేసింది.

"ఇది మంచి పుస్తకమే" అంది పిల్లలతో. "ఒళ్ళో కూర్చుని చూడాల్సింది. ఇంతమందికి తేవడం నా తప్పు." పెద్దసారు కిటికీనుంచి తల తిప్పాడు. ఆవిడ ఆయన్ని చూడకుండా కోడిని తీసి, భుజం పక్కన తెరిచింది.

పసుపు రంగు గదంతా పరుచుకుంది. చెప్పు పట్టీ చప్పుడు ఆగింది.

ఆవు వచ్చి లేస్తావా అంది. "లేవను" అని ఆవిడే చదివింది, కాస్త మెల్లిగానే. భయం మరి. లారీ వచ్చేసరికి ఆ మాట ఆవిడకు దక్కలేదు. రైలింజను లాక్కుపోయింది. మంటలార్పే బండి వచ్చేసరికి గదంతా ఒక్క గొంతుతో లేవను అంది. గుమ్మంలో చిటుక్కు ఆగింది. ఆవిడ చెవుల్లో మాత్రం ప్రతి లేవనూ పెద్దసారు మీదకు రాయి విసిరినట్టే వినబడుతోంది. ఆయన ముఖంలో ఏమీ తెలియడం లేదు. ఫైలు అట్టలా ఉంది.

ఆఖరి పేజీలో కోడి కింద గుడ్డు పగిలి ఒక కోడిపిల్ల తొంగి చూసింది. గది మొత్తం ఊపిరి బిగపట్టి, ఒక్కసారిగా వదిలింది.

పెద్దసారు లేవబోయాడు. కుర్చీ కూడా ఆయనతో పాటు లేచింది. మళ్ళీ కూలబడ్డాడు. పిల్లలంతా వెనక్కి తిరిగి చూశారు. రైలింజను దగ్గరికెళ్ళి, కోడినడిగినంత మర్యాదగా అడిగింది.

"తాతా, లేస్తావా?"

ఒక్కరూ కదల్లేదు. పెద్దసారు ఆ పిల్లను చూశాడు, గుమ్మంలో వడ్రంగిని చూశాడు, ఆవిడ చేతిలోని పసుప్పచ్చ అట్టను చూశాడు.

"లేవను" అన్నాడు.

పైకప్పు ఎగిరిపోయేలా నవ్వులు లేచాయి. ఆ సందట్లోనే ఆయన వడ్రంగిని పిలిచి, టేపు చుట్టెయ్యమన్నాడు. మెట్ల కింద చోటుందిగా, ఫైళ్ళకు అది చాలన్నాడు. తర్వాత నిజంగానే లేవలేక, వడ్రంగి చెయ్యి పట్టుకుని, కుర్చీనుంచి ఊడొచ్చాడు. వెళ్ళేముందు ఆవిడతో ఒక్క మాటే అన్నాడు: "ఆ చీమ నాకు కనబడలేదమ్మా."

"ఎవరికీ కనబడలేదు సార్" అంది ఆవిడ.

ఇంటికొచ్చి జరిగింది చెబితే, దర్జీగారు మీసం దువ్వుకోబోయి మానేశాడు. "చూపు తెచ్చుకుని చెడ్డానన్నమాట" అన్నాడు. "ఇక నీకు నేను పనికిరానా?"

ఆవిడ కుట్టుమిషను మీదున్న దగ్గరచూపు అద్దాలు తెచ్చి ఆయన ముక్కు మీద పెట్టింది. వసారా చివర కూర్చోబెట్టి, గుమ్మం దగ్గరకెళ్ళి తిరిగి నిలబడింది.

"ఏం కనబడుతోందండీ?"

"నువ్వే సరిగ్గా కనబడటం లేదే."

"అయితే సరిపోయింది. అలాగే కూర్చోండి" అని, కొత్త పుస్తకం తెరిచింది.